క్యాలెండరు మీద సున్నాలు

పదో తరగతి చెప్పే టీచర్లకు ఏటా కొంతమంది పిల్లలను దత్తత ఇస్తారు. హోమాలూ పురోహితులూ ఉండరు. హెడ్మాస్టరు గారు ఒక పుస్తకంలో పిల్లల పేర్లకు ఎదురుగా మా పేర్లు రాసి సంతకం పెట్టించుకుంటారు, అంతే. ఆ సాయంత్రానికి నాకు ఆరుగురు పిల్లలు. వాళ్లు బడికి వస్తున్నారా, ఇంటి దగ్గర చదువుతున్నారా, పొద్దున్నే లేస్తున్నారా, అన్నీ నేనే కనుక్కోవాలి. మార్చిలో వాళ్లు తప్పితే నేను తప్పినట్టే. నేను కన్నది ఒక్కడినే. వాడి మీద కూడా ఇంత అజమాయిషీ చెయ్యలేదు.

నేను చెప్పేది జీవశాస్త్రం. ఇల్లు తెనాలి, బడి రేపల్లె. పొద్దున పాసింజరులో వెళ్లి సాయంత్రం పాసింజరులో తిరిగి వస్తాను. ఇన్నేళ్లలో ఆ బండిలో నేను దిద్దిన పేపర్లూ, ఈనెలు తీసిన చిక్కుడుకాయలూ ఒక చోట పోస్తే పెట్టె నిండుతుంది. నాకు కోపం ఎక్కువని పిల్లలు అంటారు. అబద్ధమేమీ కాదు. సలహాలు ఇవ్వడం అంతకంటే ఎక్కువని మావారు అంటారు. ఆ మాట ఇదివరకు ఒప్పుకునేదాన్ని కాదు. నా ఆరుగురిలో ఒక పిల్ల విషయం జరిగాక ఒప్పుకున్నాను.

ఆ ఏడు ఆగస్టులో తల్లిదండ్రుల సమావేశం పెట్టాం. వచ్చేది ఎక్కువగా తల్లులే. పోలీసు స్టేషనుకు పిలిపించినట్టు గోడవార నిలబడతారు. కూర్చోమంటే ‘పర్లేదండి’ అంటారు. మాట్లాడమంటే అందరూ రెండే మాటలు చెబుతారు. ఒకటి, ‘మా మాట వినట్లేదండి.’ రెండోది, ‘నాలుగు తగిలించండి, మేమేం అనుకోం.’ మేమేం చెయ్యాలండి అని అడిగేవాళ్లు తక్కువ. ఎవరైనా అడిగినా, ‘మాకు చదువు రాదు గదండి’ అని ఆ ప్రశ్నకు వాళ్లే జవాబు చెప్పేసుకుంటారు.

దానికి ఆ ఏడు నా దగ్గర మందు సిద్ధంగా ఉంది. లేచి నిలబడి ఇలా చెప్పాను.

“చదువు రాకపోతే ఏం పోయింది? చెవులున్నాయి కదా. రోజూ సాయంత్రం గంటసేపు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదివించండి. మీ పని మీరు చేసుకుంటూనే ఉండండి. చదవడం అయిపోయాక క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ ఒక సున్నా చుట్టండి. చదవని రోజు వదిలెయ్యండి. నెలాఖరుకి నేనొచ్చి చూస్తాను. ఇంకేమీ అడగొద్దు, తిట్టొద్దు, పక్కింటి పిల్లతో పోల్చొద్దు. ఏం చదవాలో, ఎంత చదవాలో నేను చూసుకుంటాను. మీకు తెలియని దాంట్లో వేలు పెట్టి పిల్లల్ని కంగారు పెట్టొద్దు.”

చివరి మాట అనేటప్పుడు గొంతు కాస్త పెంచాను. క్యాలెండరు లేని ఇల్లు ఉండదు. గ్యాసు బండ మార్చిన రోజు, చుట్టాల పెళ్లి రోజు, అన్నీ దాని మీదే గుర్తు పెట్టుకుంటారు. కాబట్టి కొత్తగా కొనాల్సిందీ లేదు, నేర్చుకోవాల్సిందీ లేదు. ఇంత సుళువైన ఉపాయం నాకే తట్టిందని చాలా రోజులు మురిసిపోయాను.

నేను మొదట్లో చెప్పిన ఆ పిల్ల తరగతిలో మొదటి బెంచీలోనూ కూర్చునేది కాదు, చివరి బెంచీలోనూ కాదు. మధ్యలో గోడ పక్కన. గొంతు పెద్దగా వినిపించేది కాదు గానీ చేతిరాత ముత్యాలే. బోర్డు మీద నేను రాసింది ఒక్క అక్షరం పోకుండా నోట్సులోకి ఎక్కించేది. బొమ్మ గీస్తే బాణం గుర్తులు కూడా స్కేలు పెట్టి గీసేది. ప్రతి పాఠం చివరా నేను ఎర్ర పెన్నుతో ‘గుడ్’ అని రాసి సంతకం పెట్టేదాన్ని. అధికారులెవరైనా వస్తే ఆ పిల్ల నోట్సులే ముందు పెట్టేవాళ్లం.

వాళ్ల నాన్న అడవులదీవి వైపు రొయ్యల చెరువుల దగ్గర కాపలా పని చేస్తాడు. పదిహేను రోజులకోసారి ఇంటికొస్తాడు. వాళ్లమ్మ ఇంటి దగ్గరే ఉండి బట్టల కొట్టువాళ్లు ఇచ్చే చీరలకు ఫాల్స్ కుడుతుంది. సమావేశంలో గోడవార నిలబడ్డవాళ్లలో ఆవిడ ఒకతె. నేను మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ పెదవులు కదులుతూనే ఉన్నాయి. నాకు చిరాకేసింది.

“ఏంటమ్మా, నేను చెబుతుంటే నువ్వు కూడా చెబుతున్నావు?” అన్నాను.

“మర్చిపోకుండా అనుకుంటున్నానండి. రాసుకోవడం రాదు గదండి,” అంది.

సెప్టెంబరులో ఒకరోజు ఆ తండ్రి బడికి వచ్చాడు. చెరువు దగ్గర నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చెప్పులు బయటే విడిచి స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడ్డాడు.

“మేడంగారండి, ఒక మాట చెప్పి పోదామని వచ్చానండి. అమ్మాయి టెన్తు గట్టెక్కితే బాపట్లలో మా మరదలుందండి, అక్కడుంచి ఇంటర్లో ల్యాబు కోర్సు చదివిస్తానండి. దానికి అదే ఇష్టం. తప్పితే మాత్రం మా అక్కతో పాటు రొయ్యల షెడ్డుకి పంపేస్తానండి. ఖాళీగా ఇంట్లో కూర్చోబెట్టను.”

బెదిరిస్తున్నట్టు చెప్పలేదు. బస్సు టైము చెప్పినట్టు చెప్పాడు. ఆయన చెడ్డవాడు కాదు, చెప్పిన మాట మీద నిలబడే మనిషి, అదే నాకు భయమేసింది. రొయ్యల షెడ్డులో పొద్దున్నుంచీ ఐసు నీళ్లలో చేతులు పెట్టి తొక్క వలవాలి. ఆ పని చేసే ఆడవాళ్ల వేళ్లు నాకు తెలుసు. సమావేశాల్లో వేలిముద్రలు వేయించుకునేటప్పుడు చూస్తుంటాను, గీతలు అరిగిపోయి ముద్ర సరిగా పడదు. ఈ పిల్ల చేతిరాత గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. ‘మన పిల్ల తప్పేదేంటి, ఆ నోట్సు చూస్తే తెలియడం లేదూ’ అని నాకు నేనే చెప్పుకున్నాను.

అక్టోబరు నెలాఖరున ఆరు ఇళ్లకూ తిరిగాను. అయిదు ఇళ్లలో క్యాలెండర్ల సంగతి చెప్పుకోకపోవడం మంచిది. ఒకచోట నన్ను వీధిలో చూసి, లోపల గబగబా సున్నాలు చుట్టేశారు. పెన్ను తడి కూడా ఆరలేదు. ఈ ఫాల్స్ కుట్టే ఆవిడ ఇంట్లో మాత్రం రోజూ సున్నా ఉంది. గుండ్రంగా, ఒకే కొలతలో, తేదీ అంకె బయటికి పోకుండా. పిల్లకు జ్వరమొచ్చిన రెండు రోజులూ ఖాళీగా వదిలింది. దసరా సెలవుల్లో కూడా సున్నాలున్నాయి. నేను పొంగిపోయి ఫోనులో ఫోటో తీసుకున్నాను.

నవంబరులో బాపట్లలో జిల్లా టీచర్లకు సమావేశం జరిగింది. ఎవరి పద్ధతులు వాళ్లు చెప్పమన్నారు. నేను వెళ్లి ఆ క్యాలెండరు ఫోటో తెర మీద వేయించాను. చదువు రాని తల్లి పిల్లకు ఎలా అండగా నిలబడుతుందో పది నిమిషాలు చెప్పాను. చప్పట్లు కొట్టారు. కొంతమంది రాసుకున్నారు కూడా. సమావేశం అయ్యాక నలుగురం కలిసి సూర్యలంక వెళ్లాం. అలల్లో మడమల దాకా తడుపుకుంటూ కూడా నేను ఆ సున్నాల గురించే చెబుతున్నాను. చీరాల వైపు నుంచి వచ్చిన లెక్కల మాస్టారు ఒకాయన ప్యాంటు మడుచుకుంటూ అడిగారు.

“అంతా బాగుందండి. కానీ ఆ పిల్ల ఏం చదువుతోందో తల్లికి ఎలా తెలుస్తుందండి?”

“తెలియక్కర్లేదండి. అదే ఇందులో ఉన్న సుఖం,” అన్నాను.

డిసెంబరు పరీక్షల పేపర్లు నేను రేపల్లెలో బండెక్కి దిద్దడం మొదలుపెట్టాను. నా పేపరు యాభై మార్కులకు. ఆ పిల్ల పేపరు చేతికి రాగానే కళ్లకు హాయిగా అనిపించింది, ఎప్పటిలాగే ముత్యాలు. మొదటి జవాబు చదివాను. జవాబు కాదు, ప్రశ్ననే మళ్లీ రాసింది. రెండోదీ అంతే. మూడోది కూడా. ప్రశ్నలన్నీ ఎంతో అందంగా, తప్పు లేకుండా దించి పెట్టింది. ఒక్క గుండె నిర్మాణం, పనితీరు అన్న ప్రశ్నకు మాత్రం బొమ్మతో సహా పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాసింది. దానికి ఎనిమిది. ఎక్కడో అదృష్టం కొద్దీ ఇంకొకటి. మొత్తం తొమ్మిది.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడిందట. బాపట్ల చప్పట్లు గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. కానీ ముందు వచ్చింది సిగ్గు కాదు, కోపం. తల్లి నన్ను మోసం చేసింది, చదవని రోజుకు కూడా సున్నాలు చుట్టింది, నేను వాటిని జిల్లా మొత్తానికి చూపించాను. తెనాలిలో దిగేదాకా ఇదే ఆలోచన.

మర్నాడు బడి కాగానే వాళ్ల ఇంటికి వెళ్లాను. పిల్ల దారాలు తేవడానికి బజారుకు వెళ్లింది. ఆవిడ చాప మీద కూర్చుని ఆకుపచ్చ చీర అంచు మోకాలి మీద పరుచుకుని కుడుతోంది. లేవబోతుంటే కూర్చోమన్నాను. పేపరు తీసి ముందు పెట్టాను.

“యాభైకి తొమ్మిది వచ్చాయమ్మా. ఈ సున్నాలన్నీ ఎవరి కోసం చుట్టావు, నా కోసమా?”

“చదివిన రోజే చుట్టానండి. చదవని రోజు చుట్టలేదండి.”

“రోజూ గంటసేపు చదివిన పిల్లకి తొమ్మిది ఎందుకొస్తాయి?”

ఆవిడ చేతిలో సూది ఆగలేదు. తలెత్తకుండానే చెప్పడం మొదలుపెట్టింది.

“గుండె మన పిడికిలంత పరిమాణంలో ఉంటుంది. గుండెలో నాలుగు గదులు ఉంటాయి. పై గదులను కర్ణికలు అంటారు. కింది గదులను జఠరికలు అంటారు. శరీర భాగాల నుంచి వచ్చే చెడు రక్తం కుడి కర్ణికలోకి చేరుతుంది. అక్కడి నుంచి కుడి జఠరికలోకి...”

కర్ణిక, జఠరిక అన్న మాటలు మా బడిలో సగం మంది సరిగా పలకరు. ఆవిడ పలికింది. చివరి వాక్యం దాకా, ఎక్కడా తడుముకోకుండా. చెప్పడం అయ్యాక దారం చివర ముడేసింది.

“రోజూ ఇదేనండి. ఆగస్టు నుంచీ ఇదే. ఇంకోటి ఎప్పుడూ వినలేదండి.”

“మరి నాకు చెప్పవేం? నెలనెలా వస్తూనే ఉన్నాను కదా.”

“ఏం చదువుతుందో మీరు చూసుకుంటానన్నారు గదండి. ఏమీ అడగొద్దన్నారు. మాకు తెలియని దాంట్లో వేలు పెట్టొద్దన్నారు. పెద్ద పాఠమేమో, అన్నాళ్లు చదవాలేమో అనుకున్నానండి.”

నేను సమావేశంలో అన్న మాటలు అవే వరుసలో నాకు తిరిగి వచ్చాయి. ఆవిడ దెప్పిపొడవడానికి అనలేదు. అలా అనుంటే నాకు సుళువుగా ఉండేది.

ఇంతలో పిల్ల వచ్చింది. నన్నూ, చాప మీద పేపరునూ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. నేను సైన్సు పుస్తకం తీయమన్నాను. ఇప్పటి పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. పరీక్ష తెలుగులో రాసుకోవచ్చు. తెలుగు పేజీలో మూత్రపిండాల పాఠం తీసి చదవమన్నాను. అక్షరాలు వచ్చు, గుణింతాలు వచ్చు. ఒత్తు కనపడగానే నీళ్లు నములుతోంది. ‘మూత్రపిండం’ దగ్గర ఎంతసేపు ఆగిందంటే, వాళ్లమ్మ కుట్టడం ఆపి కూతురి వంక చూసింది.

సంగతి అంతా అప్పుడు తెలిసింది. కరోనాకి బళ్లు మూతపడ్డ రోజుల్లో ఆ పిల్ల చిన్న తరగతుల్లో ఉంది. తిరిగి తెరిచేసరికి ఒత్తులు పోయాయి. అడిగితే నవ్వుతారని రాత నేర్చుకుంది. బోర్డు మీద ఉన్నది బొమ్మ గీసినట్టు గీసేది. అంకెలకు ఒత్తులుండవు కాబట్టి లెక్కల్లో గట్టెక్కేది. మిగతా వాటిల్లో పక్కవాళ్ల దయ. గుండె పాఠం ఎలా వచ్చిందంటే, ఆగస్టులో అధికారులు వస్తారని నేను తరగతి అంతటి చేతా దాన్ని ఇరవై సార్లు చెప్పించాను. అలా విని పట్టేసింది, నోట్సులో పదేపదే దించి రాత కూడా బొమ్మలా గుర్తుపెట్టుకుంది. ఇంట్లో పైకి చదవమన్నారు కాబట్టి పుస్తకం తెరిచి అదే అప్పజెప్పేది. తల్లి విని నేర్చుకుంది, కూతురూ విని నేర్చుకుంది. చదవడం మాత్రం ఇద్దరికీ రాదు.

నాకు నిజంగా సిగ్గేసింది. ఆ నోట్సులో నేను పెట్టిన గుడ్‌లన్నీ కళ్ల ముందు ఎర్రగా కనపడుతున్నాయి. మార్చికి ఇంకా మూడు నెలలు కూడా లేవు.

“మధ్యాహ్నం అన్నాల టైములో నా దగ్గరికి రా, ఒత్తులు నేను చెబుతాను. కానీ ఇంటి దగ్గర ఎవరు చదివిస్తారు?” అన్నాను. అడగడం పిల్లను కాదు, గాలిని అడిగినట్టు.

“మీరు ఒకసారి చదివి వినిపిస్తే నాకు ఉండిపోద్దండి,” అంది ఆవిడ. “అప్పుడు అది తప్పు చదివితే నేను పట్టుకుంటానండి.”

ఇంకెప్పుడైనా అయితే నవ్వేదాన్ని. కుడి కర్ణిక, కుడి జఠరిక ఇంకా చెవుల్లో ఉన్నాయి కాబట్టి నవ్వలేదు.

అలా మొదలైంది. నేను పొద్దున బండికి బయల్దేరే ముందు వంటింట్లో నిలబడి ఒక పాఠంలో రెండు మూడు పేజీలు ఫోనులో చదివి, రికార్డు చేసి ఆవిడకు పంపేదాన్ని. మావారు పేపరు చదువుకుంటూ, ‘పొద్దున్నే మెదడు గురించి ఎవరితో మాట్లాడుతున్నావు?’ అని హాస్యమాడేవారు. ఆవిడ పగలంతా చీరలు కుడుతూ దాన్ని నాలుగైదు సార్లు వినేది. సాయంత్రానికి వచ్చేసేది. కూతురు పుస్తకం పట్టుకుని చదువుతుంటే ఈవిడ కుడుతూ వింటుంది. ఒక మాట పొల్లుపోయినా ‘అక్కడ ఇంకోటి ఉందే’ అని ఆపుతుంది. ఏముందో చెప్పదు. చెప్పొద్దని ఈసారి నేను అనలేదు, ఆవిడే చెప్పేది కాదు. పిల్ల మళ్లీ ఆ అక్షరాల వంక చూడాల్సిందే.

ఒకరోజు ఫోను చేసింది.

“టీచరుగారండి, మెదడు పాఠంలో మధ్యలో మూడుసార్లు కూతేసిందండి. అది కూడా ఉందా అండి పుస్తకంలో?”

మా కుక్కరు. అది పుస్తకంలో లేదని చెప్పాను. అప్పటి నుంచి పప్పు దించాకే చదివేదాన్ని.

జనవరిలో కొత్త క్యాలెండరు వచ్చింది. ఆవిడ తన గుర్తులు తానే మార్చుకుంది. కొత్త పాఠం చదివితే సున్నా, పాతదే తిప్పి చదివితే సున్నాలో చుక్క, చదవకపోతే అడ్డగీత. నన్నెవరూ అడగలేదు. అడగకపోవడమే మంచిదైంది.

సంక్రాంతి వెళ్లాక వరసగా నాలుగు అడ్డగీతలు పడ్డాయి. నాలుగో రోజు ఆవిడ తనంతట తాను బడికి వచ్చింది. ఈసారి గోడవార నిలబడలేదు. నా బల్ల దగ్గరికొచ్చి కుర్చీలో కూర్చుంది.

“నాలుగు రోజుల్నుంచి పుస్తకం ముట్టట్లేదండి. ‘నీకే చదవడం రాదు, నాకు తప్పులు పడతావా’ అందండి.”

ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. చీర చెంగుతో తుడుచుకుని, ‘మీకు చెప్పాలి గదండి, అందుకని వచ్చాను’ అంది. అయిదు నెలలు ఒకే పాఠం విని నోరు మెదపని మనిషి అలా వచ్చి కూర్చోవడం నాకు గొప్పగా అనిపించింది.

మధ్యాహ్నం పిల్లను పిలిచాను. తిట్టాలనే పిలిచాను. ఎదురుగా తల దించుకుని నిలబడి, నేను నోరు తెరవక ముందే ఏడ్చేసింది.

“మా అమ్మ ముందు తప్పు చదవాలంటే సిగ్గుగా ఉంటుంది టీచర్. నాకు చదువొచ్చని ఇన్నాళ్లూ అనుకుంది.”

ఆ పిల్ల నోట్సు తీసుకురమ్మన్నాను. తెచ్చింది. ఒక పేజీ తిప్పి చూపించాను.

“ఇదిగో, ఇక్కడ గుడ్ అని పెట్టాను చూడు. ఈ పేజీ నేను చదవలేదు. దీనికి ముందుదీ చదవలేదు. రాత చూసి పెట్టేశాను. నువ్వు చదవకుండా రాశావు, నేను చదవకుండా గుడ్ పెట్టాను. మన ముగ్గురిలో సిగ్గుపడక్కర్లేనిది మీ అమ్మ ఒక్కతే.”

ముక్కు తుడుచుకుంటూ కొద్దిగా నవ్వింది. ఆ సాయంత్రం క్యాలెండరు మీద మళ్లీ సున్నా పడిందని తల్లి ఫోను చేసి చెప్పింది.

అద్భుతాలేమీ జరగలేదు. ఫిబ్రవరి ఆఖరుకి కూడా పెద్ద మాట వస్తే వేలు పెట్టి కూడబలుక్కునేది. కానీ ప్రశ్న చదివి ఏమడిగారో తెలుసుకునేది, సగమైనా సొంతంగా రాసేది. చదవడం వచ్చాక తెలుగులో, సోషల్లో కూడా కొంచెం కొంచెం పట్టు దొరికింది. తీసెయ్యగలిగినన్ని మార్కులు తీసేసినా గట్టెక్కొచ్చని నా అంచనా. పైగా గుండె పాఠం ఉండనే ఉంది. అదొస్తే ఎనిమిది మార్కులు చేతిలో ఉన్నట్టే.

జీవశాస్త్రం పరీక్ష రోజున నాకు వేరే సెంటరులో డ్యూటీ. పేపరు చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఎనిమిది మార్కుల ప్రశ్నల్లో గుండె ఉంది. పరీక్ష కాగానే ఆటో ఎక్కి ఆ పిల్ల సెంటరుకు వెళ్లాను. గేటు బయట అట్ట పట్టుకుని నిలబడి ఉంది.

“గుండె రాశావు కదా?”

“లేదు టీచర్. దాని కింద ‘లేదా’ అని మూత్రపిండాల ప్రశ్న ఇచ్చారు గదా. అది రాశాను.”

“మొత్తం రాశావా?”

“సగం దాకా వచ్చింది టీచర్.”

నడిరోడ్డు మీద ఉన్నానన్న సంగతి మర్చిపోయాను. “ఎనిమిది మార్కులు పళ్లెంలో పెట్టి ఇస్తే తోసేస్తావా? నీకేమన్నా మతి పోయిందా? షెడ్డుకి పోవాలని ఉందా?”

ఆ పిల్ల బెదిరింది గానీ ఏడవలేదు.

“అది నాకు చదవడం రాక ముందు వచ్చింది టీచర్. రోజూ అమ్మ ముందు దొంగతనంగా చెప్పింది అదే. ఇవాళ పేపరులో చూస్తే రాయబుద్ధి కాలేదు. మూత్రపిండాలైతే నేను చదివాను.”

ఆ వయసు పిల్లల రోషానికి టైము చూసుకోవడం రాదు. నేను స్టేషనుకు వచ్చేశాను.  పిల్ల చెప్పింది తప్పని అనలేను. తప్పితే ఐసు నీళ్లలో పెట్టాల్సింది ఆ చేతులే కదా అన్న బాధ నెల రోజులూ వదల్లేదు.

ఫలితాలు ఏప్రిల్లో వచ్చాయి. తెనాలిలో ఇంట్లో కూర్చుని ఫోనులో ఆ పిల్ల నంబరు కొట్టాను. సైన్సు రెండు పేపర్లూ కలిపి నూటికి ముప్పై అయిదు రావాలి. ముప్పై ఎనిమిది వచ్చాయి. మిగతావన్నీ కూడా అటూ ఇటూగా పాసు. మావారిని పిలిచి రెండుసార్లు చదివించుకున్నాను, నా కళ్ల మీద నాకు నమ్మకం తగ్గింది మరి.

సెలవులే అయినా మర్నాడు రేపల్లె వెళ్లాను. పిల్ల ఇంట్లో లేదు. కాలేజీ చూసి రావడానికి తండ్రితో బాపట్ల వెళ్లిందట. ఆవిడ చాప మీదే ఉంది, ఈసారి ఒడిలో పసుప్పచ్చ చీర. మంచినీళ్లిచ్చి మళ్లీ కుట్టడానికి కూర్చుంది. గోడకు క్యాలెండరులో పరీక్షల రోజు దాకా సున్నాలున్నాయి. కొన్నిటిలో చుక్కలు.

అసలే ఉండబట్టని నోరు కాబట్టి, పాసైన సంతోషంలో కూడా ఫిర్యాదు చేయకుండా ఉండలేకపోయాను.

“అంతా బాగుంది గానీ మీ అమ్మాయి చేసిన పని చూడమ్మా. గుండె పాఠం వచ్చింది పరీక్షలో. నీకు చెప్పలేదా? ఆ ప్రశ్న వదిలేసి వేరేది రాసింది.”

ఆవిడ చెయ్యి ఆగింది. కూతురు ఆ సంగతి ఇంట్లో చెప్పలేదని అప్పుడు అర్థమైంది.

“గుండె వచ్చిందాండి?”

“వచ్చింది. బొమ్మతో సహా.”

దారం పంటితో కొరికి, చీర మడత సర్దుతూ అంది.

“నేనయితే అదే రాసేదాన్నండి.”

నవ్వుతూనే అంది. నేను బండి టైము అవుతోందని లేచాను. ఆవిడ రాసి ఉంటే ఎనిమిదికి ఎనిమిదీ పడేవి.